కోత కాగితము తల్లిది

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 పురుళ్లు సిజేరియన్ కోతతోనే జరిగినవి. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. దేశమంతటికి లెక్క 21.5 మాత్రమే. తెలంగాణపు పొలిమేర దాటగానే స్త్రీల దేహము మారిపోవునా? ముహూర్తమునకు బిడ్డను కోరువారును, ఆ ముహూర్తమునకు కత్తి నూఱువారును దీనికి బదులు చెప్పవలయును. అది యటుండనిండు. ఆ కోత తరువాతి కథనే నేడు మేము విచారింపదలచితిమి.

మొదటి బిడ్డ కోతతో పుట్టెను. నాలుగైదేండ్లకు రెండవ బిడ్డను కోరిన దంపతులకు గర్భము నిలువలేదు. సంతానసాఫల్య కేంద్రపు మెట్లెక్కుదురు. అచ్చట గుత్తధరయు, వాయిదాల పద్ధతియు వెంటనే చెప్పుదురు. పాతకోత సంగతి నిదానించి యడుగువా రెందఱు? గర్భాశయముపై మచ్చ సరిగా మానక గుంటపడినచో గర్భము నిలుచుటకే యది అడ్డు కావచ్చును. పిండము మచ్చయందే నాటుకొనవచ్చును. మాయ దానిలోనికి వేరుదన్ని, పురిటివేళ విడివడక, ప్రాణాంతకమగు రక్తస్రావము కలిగింపవచ్చును. అట్టి గర్భాశయమున రెండు పిండములుంచి కవలల నాశజూపుట యే ధర్మము?

ఒకసారి కోసిన నెల్లప్పుడును కోయవలసినదే యను మాటయు వినుచున్నాము. 1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ మొదటికోతను తేలికగా తలపెట్టవలదని హెచ్చరించుచు పలికిన మాట యది. మనవారు హెచ్చరికను విడిచి మాటను పట్టుకొనిరి! తగినవారి నెంచి ప్రయత్నింపజేసినచో నూటికి 60 నుండి 80 మంది సహజముగానే ప్రసవించుచున్నారు. గర్భాశయపు క్రిందిభాగమున అడ్డుకోత యైనచో మచ్చ చిట్లు ప్రమాదము ఇంచుమించు ఇన్నూటికొకటి. నిలువుకోత యైనచో ఎంతో హెచ్చు.

అయితే లోపలికోత అడ్డమో నిలువో పొట్టమీది మచ్చ చెప్పదు. పైన అడ్డముగా నుండి లోన నిలువుగా నుండవచ్చును. నిజము చెప్పగలది ఆనాటి శస్త్రచికిత్స కాగితమే. 2002 నాటి భారత వైద్యమండలి నిబంధనల ప్రకారము రోగి కోరిన 72 గంటలలో కాగితము లీయవలయును. కాని వైద్యుడు వానిని మూడేండ్లు భద్రపఱచిన చాలును. నాలుగవయేట వచ్చు తల్లికి దక్కునది గుమాస్తా పెదవివిఱుపే! చికిత్స మంచిచెడ్డలు దంపతులకు విడమఱచి చెప్పవలెనని 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టము శాసించినది. పాతకోత నెఱుగనివారు ఏమి విడమఱతురు?

బాలింత ఇల్లు చేరునాడే, అడుగకయే, ఆ కాగితము ఆమె చేత బెట్టవలయును. దానిని చదివి, మచ్చను పరీక్షించి, వ్రాతమూలముగా తమ యభిప్రాయము తెలిపిన పిమ్మటనే సాఫల్యకేంద్రమువారు రుసుము ముట్టవలయును. పఠనమందిరమున దీనిని చదువు భర్తలారా, నేడే మీ యింటి బీరువా వెదకుడు. కాగితము లేదా? మూడేండ్లు నిండకమున్నే అర్జీ వ్రాసి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు.