చలువ కళ్లద్దాలు సోకు కాదు

ఆ మధ్య చినగంజాం వైపు వెళ్లినప్పుడు ఉప్పుమళ్ల దగ్గర ఆగాను. మిట్టమధ్యాహ్నం. తెల్లటి ఉప్పు మీద పడ్డ ఎండ నేరుగా ముఖానికి కొడుతోంది. ఉప్పు లాగుతున్న పెద్దాయన తల ఎత్తాడు. ఎడమకంట్లో, ముక్కువైపు నుంచి ఎర్రటి నరాలతో ఒక పొర ముక్కోణంలా నల్లగుడ్డు మీదికి పాకి ఉంది. ‘‘కండ పెరిగిందయ్యా, ఎండకి ఒకటే మంట’’ అన్నాడు.

దీన్ని డాక్టర్లు టెరిజియం అంటారు. సుశ్రుతుడు ‘అర్మ’ అన్నాడు, కోసి తీసే పద్ధతీ చెప్పాడు. ఇలాంటిదే పింగెక్యులా అనే పసుపుపచ్చని చిన్న బొడిపె, కానీ అది తెల్లగుడ్డు మీదే ఉండిపోతుంది. ఈ రెండూ క్యాన్సర్ కావు. అసలు దోషి ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. దుమ్ము, వడగాలి, కన్ను పొడిబారడం దానికి తోడు. అందుకే పొలంలో, పడవ మీద, రోడ్డు పనిలో బతుకు వెళ్లదీసేవాళ్లకే ఇది ఎక్కువ. పక్కనుంచి పడే వెలుగు నల్లగుడ్డులో వంగి ముక్కువైపు అంచున పోగుపడుతుంది, కాబట్టి కండ అక్కడే ఎక్కువగా లేస్తుందని నిపుణుల వివరణ.

కన్ను ఎర్రబడగానే మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవడం మనకు అలవాటు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చే ప్రమాదం ఉంది. ఆకుపసర్లు పోస్తే నల్లగుడ్డు పుండుపడొచ్చు. పైగా క్యాన్సర్ గడ్డ కూడా మొదట్లో కండలాగే కనిపించగలదు. చూసి తేల్చాల్సింది కంటి డాక్టరే. పొర కనుపాప వైపు పాకుతున్నా, చూపు మసకబారుతున్నా ఆపరేషన్ చేస్తారు. ఉత్తగా కోసేస్తే మళ్లీ పెరగడం ఎక్కువ. అదే కంటి పైభాగం నుంచి పలుచని పొర తీసి కోసిన చోట అతికిస్తే ఆ బెడద బాగా తగ్గుతుంది.

అంతదాకా రానివ్వకుండా కాచేవి అంచు వెడల్పు టోపీ, పక్కల్ని కూడా కప్పే యూవీ రక్షణ అద్దాలు. కానీ పొలానికి నల్లద్దాలు పెట్టుకెళ్లే ఆడమనిషిని చూసి ఊరు నవ్వుతుంది. ఏసీ కారులో కూర్చున్నవాడికి అవే హుందా! ఉపాధి హామీ పనిచోట నీడ, తాగునీరు ఉండాలని చట్టం చెప్పింది. కంటికి కూడా నీడ కావాలి. కూలీలను ఎండలో నిలబెట్టే ప్రతి కాంట్రాక్టరూ, ప్రతి పంచాయతీ పారతో పాటు ఒక జత అద్దాలు కూడా ఇవ్వాలి. ఎండలో పనిచేసేవాళ్లకు అవి పనిముట్టు.