పండగ మూడు రోజులూ పందిరి వేయం

పెళ్లిపనుల మీద బతికే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ, ఇంట్లో శుభకార్యం తలపెట్టిన పెద్దలకూ:

పోయిన భోగి నాడు తెల్లవారుజామున, ఊళ్లో మంటలు వేస్తున్న వేళకి, గోదావరి గట్టు మీద ఒక రిసార్టులో లైటింగు కుర్రాడు ట్రస్ మీంచి పడ్డాడు. అమెరికాలో ఉండే అబ్బాయి పెళ్లి ఆ దేశంలోనే అయిపోయింది. పండక్కి బంధువులందరూ ఎలాగూ ఊళ్లో ఉంటారని రిసెప్షను భోగి సాయంత్రానికి పెట్టుకున్నారు. ఆ కుర్రాడు ముందు రాత్రి ఇంకో ఊళ్లో ఓణీల ఫంక్షను సెట్టింగు విప్పి, సామాను లారీకెత్తి, ఆ సామాను మీదే కునుకు తీసి నేరుగా ఇక్కడికి వచ్చాడు. నడుముకి బెల్టు లేదు. కింద నిచ్చెన పట్టుకున్నవాడికీ రెండు రాత్రుల నిద్ర బాకీ. తొడ ఎముక విరిగింది.

ఆస్పత్రిలో డబ్బు కట్టమన్నారు. పార్టీ వాళ్లు, "మేం మొత్తం ప్యాకేజీ మాట్లాడుకున్నాం, ఈవెంటు వాళ్లని అడగండి" అన్నారు. ఈవెంటు కంపెనీ హైదరాబాదుది; వాళ్ల మనిషి మధ్యాహ్నం నుంచి ఫోనెత్తడం మానేశాడు. రిసార్టు మేనేజరు, "బయటి వెండరు మనిషి, మాకేం సంబంధం?" అన్నాడు. లైటింగు సెట్లు అద్దెకిచ్చినాయన, "రోజు కూలీకి పిలిచాం, మా దగ్గర ఉద్యోగి కాదు" అన్నాడు. చివరికి కేటరింగు పిల్లలూ పూలవాళ్లూ జేబులు తడుముకుని తలో కాస్తా వేశారు. ఆ ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. విందు మాత్రం ఆగలేదు. సాయంత్రం ఏడింటికి అదే ట్రస్ మీద లైట్లు వెలిగాయి. ఫొటోలు చాలా బాగా వచ్చాయట.

అతనిది ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట దగ్గరి పల్లె. ఏటా కనుమ నాడు ప్రభ మోసే భుజం. తోటివాళ్లు ప్రభనెత్తుకుని కౌశిక నది దాటుతుంటే అతను కాలికి బరువులు వేలాడదీయించుకుని ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

ఆ రోజు నుంచీ మాలో మేం అనుకుంటున్న మాట ఇప్పుడు బయటికి చెబుతున్నాం. భోగి, సంక్రాంతి, కనుమ, ఈ మూడు రోజులూ మేం పందిరి వేయం. లైటు కట్టం, గాడిపొయ్యి తవ్వం, స్టేజీకి పువ్వు గుచ్చం. మనలో ఎవరూ ఆ రోజులకి అడ్వాన్సు పుచ్చుకోకూడదు.

ఇది కొత్త కోరిక కాదు, పోయినదాన్ని తిరిగి అడుగుతున్నాం. మా పనికి ఏనాడూ ఆదివారం లేదు, పంచాంగమే సెలవుల పట్టిక. ఆషాఢం వస్తే పెళ్లిళ్లు ఆగేవి. భాద్రపదంలో పితృపక్షాల దాకా పెద్దగా పని ఉండేది కాదు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ఇంకొన్నాళ్లు. అన్నిటికన్నా నికరమైనది ధనుర్మాసం: డిసెంబరు 16 అటూ ఇటూగా నెల పట్టిందంటే సంక్రాంతి దాకా బాజా మోగేది కాదు. ఆ నెలలో టెంట్ హౌసు వాళ్లు చిరిగిన షామియానాలు కుట్టించుకునేవాళ్లు. సన్నాయి మేళం వాళ్లు పిల్లలకి స్వరం చెప్పుకునేవాళ్లు. వంట మేస్త్రి తన ఇంటికి అల్లుడిని పిలుచుకుని తన చేత్తో తన వాళ్లకి వండి పెట్టుకునేవాడు. చేతిలో డబ్బు తక్కువే. ఇంట్లో మనిషి మాత్రం ఉండేవాడు.

ఇప్పుడు ముహూర్తం అక్కర్లేని వేడుకలు వచ్చాయి. సంగీత్, హల్దీ, రిసెప్షను, పాతికేళ్ల పెళ్లిరోజు, కంపెనీల న్యూ ఇయర్ పార్టీ, పూర్వ విద్యార్థుల కలయిక. లగ్నంతో పనిలేదు కనుక వీటికి ధనుర్మాసమూ అడ్డు కాదు, మూఢమూ అడ్డు కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవు. హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ పిల్లలకి సంక్రాంతికి సెలవు. వాళ్లకి సెలవైన ప్రతి రోజూ మాకు పని అయింది. అంతకుముందు మార్గశిరం మొదటి సగంలో, ధనుర్మాసం పట్టేలోగా, ఎన్నారై పెళ్లిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అవి విప్పేసరికి న్యూ ఇయర్ స్టేజీలు. అవి విప్పేసరికి భోగి. ఈ వరసలో లారీ డ్రైవరు ఎప్పుడు పడుకుంటాడో ఎవరూ అడగరు.

ఇళ్ల సంగతి చూడండి. పెళ్లిపనుల ఇళ్లలో తల్లికీ పిల్లలకీ సెలవులు ఎప్పుడూ కలవవు. బడికి వేసవి సెలవులిస్తే మాకు వైశాఖం, జ్యేష్ఠం, ఊపిరి సలపని పెళ్లిళ్లు. మాకు తీరిక దొరికే ఆషాఢానికి పిల్లలు బస్తాల్లాంటి బ్యాగులు తగిలించుకుని బడికి పోతారు. దసరా సెలవులిచ్చేసరికి ఆశ్వయుజ ముహూర్తాలు, దీపావళి పక్కన కార్తీకం బుకింగులు. మిగిలింది ఒక్క సంక్రాంతి. ఏడాది మొత్తంలో తల్లి, తండ్రి, పిల్లలు ఒకే చూరు కింద నాలుగు పూటలు కలిసి తినే అవకాశం ఆ మూడు రోజులే. దాన్నీ తీసుకుపోతే మా పిల్లలకి మేం ఎవరం? నెలనెలా ఫీజు కట్టే మనుషులం.

భోగి పొద్దున ముగ్గు గిన్నె పట్టుకుని వాకిట్లోకి దిగితే ఫోను మోగుతుంది. "ఆంటీ, స్టేజీ వెనక బంతిపూలు తీసేసి తెల్ల చామంతి పెట్టించగలరా? థీమ్ మార్చాం." థీమ్ మారితే పూలు కడియపులంక మార్కెట్టు నుంచి మళ్లీ రావాలి. ముందు తెచ్చిన బంతి బస్తాలు వాన్లోనే వాడిపోవాలి. ఆ వాన్ తోలేవాడి పెళ్లాం అరిసెల చట్టి పొయ్యి మీద పెట్టి అతని కోసం చూస్తూ ఉంటుంది. సాయంత్రం ఎవరింట్లోనో పసివాళ్లకి భోగిపళ్లు పోస్తారు, ఆ పీట చుట్టూ పూలు అమర్చేది మేమే. మా ఇంట్లో చంటిదానికి రేగుపళ్లు పోసేది పక్కింటావిడ. ఇలా ఒక ఏడు జరిగితే ఓర్చుకోవచ్చు. ఏటేటా ఇదే అయితే దానికి అలవాటని పేరు పెట్టి సరిపెట్టుకోమంటున్నారు. సరిపెట్టుకోం.

ఇంతవరకూ మర్యాదగానే చెప్పాం. ఇక ఉన్నదున్నట్టు చెబుతాం.

మా బిల్లు మీద ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తోంది. పన్ను దగ్గర మేం పరిశ్రమ. సెలవు దగ్గర, గాయం దగ్గర మేం ఎవరికీ కానివాళ్లం. ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పనిచేసేవాళ్లకి జాతీయ, పండుగ సెలవులు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 1974లోనే చట్టం చేసింది. పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం ఇవ్వాలన్న చట్టం ఈ దేశంలో 1923లో వచ్చింది. నూరేళ్లు దాటినా ట్రస్ ఎక్కే కుర్రాడి దాకా అది రాలేదు. ఎందుకంటే అతని పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పేరు రాయకపోవడమే ఈ వ్యాపారంలో అసలు లాభం.

పెళ్లివారికి ఒక మాట. మీ పెళ్లికార్డు మీద అర్ధరాత్రి దాటిన లగ్నం వేసి, పక్కన "తెల్లవారితే శుక్రవారం" అని అచ్చు వేయిస్తారు. ఆ లగ్నానికి మీ చుట్టాల్లో ఎంతమంది ఉంటారు? ఎనిమిదింటికి వచ్చి, వధూవరులు మండపంలోకి రాకముందే కవరు చేతిలో పెట్టి, భోజనం చేసి పోతారు. తలంబ్రాల వేళకి మేలుకుని ఉండేది ఇంటివాళ్లు పదిమందీ, పంతులుగారూ, వీడియో తీసేవాళ్లూ, భజంత్రీలూ, మేమూ. అయ్యాక అందరూ పడుకుంటారు. మేం పందిరి విప్పడం మొదలుపెడతాం, ఎందుకంటే తొమ్మిదింటికి ఆ హాల్లోకి ఇంకో పెళ్లి రావాలి.

"ముహూర్తం మా చేతుల్లో ఉందా? పంతులుగారు పెట్టారు" అంటారు. కోరిన హాలు ఖాళీ లేకపోతే లగ్నం మార్పించిన ఇళ్లు మాకు తెలియవా? హాలు కోసం మారిన లగ్నం మనిషి ప్రాణం కోసం మారదా? భద్రాచలంలో సీతారాముల కల్యాణం చైత్ర శుద్ధ నవమి నాడు అభిజిత్ లగ్నంలో, పట్టపగలు, నడినెత్తి మీద సూర్యుడుండగా జరుగుతుంది. తెలుగువాళ్లకి అంతకు మించిన పెళ్లి లేదు కదా. ఒంటిమిట్టలో రాత్రి పూట చేస్తారు కదా అని ఎవరైనా లాయరులా లేస్తారు. అక్కడ తన పెళ్లి చూపిస్తానని స్వామి చంద్రుడికి మాట ఇచ్చాడని స్థలపురాణం చెబుతుంది. మీరు చంద్రుడికి మాటేమీ ఇవ్వలేదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు మోగకూడదు. చెవులకే విశ్రాంతి ఇచ్చిన చట్టమిది. చేతులకీ కాళ్లకీ కూడా ఆ వేళనే విశ్రాంతి కావాలంటున్నాం.

ఆచారం మారితే పెళ్లి చెడుతుందని భయపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మన ముత్తాతల కాలంలో పెళ్లి అయిదు రోజులు. అది మూడైంది, ఒకటైంది, కాపురాలు బాగానే సాగాయి. 1881 డిసెంబరు 11న మన రాజమహేంద్రవరంలోనే వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది, చరిత్ర చేతులెత్తి మొక్కింది. త్రిపురనేని రామస్వామి "వివాహవిధి" రాసి మంత్రాన్ని తెలుగులోకి తెచ్చారు. దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నవాళ్ల మనవలు ఈనాడు మన క్లయింట్లు. 2020లో కరోనా లాక్‌డౌన్ వేళ యాభైమందికి మించకూడదని కేంద్రం చెబితే, యాభైమందితోనే పెళ్లిళ్లు చేశారు, అదీ చీకటి పడేలోగా ముగించి. ఆ జంటలకి ఏం తక్కువైంది? ప్రభుత్వం ఆపితే ఆగిన ఆడంబరం, మనిషి అడిగితే ఆగదా?

ఇక మనలో మన మాట. ఈ మూడు రోజుల సెలవు ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదంటే, ఒకరు కాదంటే ఇంకొకరు పదివేలు తగ్గించి ఒప్పుకుంటున్నారు. ఆ ఇంకొకరి పేరు మనందరికీ తెలుసు. పండక్కొక పేరు మారుతుంది, అంతే. పని మానితే రాబడి పోతుందని కొందరి భయం. విందు పెట్టుకునేవాళ్లు విందు మానరు. నాలుగో రోజు ముక్కనుమకి జరుపుకుంటారు. హైదరాబాదు కంపెనీలు వచ్చి చేసుకుపోతాయని ఇంకొందరి బెంగ. వాళ్లు తెచ్చేది కంప్యూటర్లో గీసిన బొమ్మ. దాన్ని నిలబెట్టే కర్ర మనది, పువ్వు మనది, గరిట మనది. మనం రాకపోతే ఆ బొమ్మ ఫోనులోనే ఉంటుంది. ఎన్నారైలకి సెలవు దొరకదంటారా? వాళ్ల సెలవు సంగతి వాళ్ల మేనేజరుతో తేల్చుకోమనండి.

మా తీర్మానాలు ఇవి.

ఒకటి. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఏ ఆర్డరూ ఒప్పుకోం. ముందు రోజు చీకటి పడేలోగా సామాను విప్పి ఇళ్లకి చేరతాం. మనతో పనిచేసే క్రైస్తవులకి క్రిస్మస్, ముస్లిం మేస్త్రీలకి రంజాన్, బక్రీద్ కూడా ఇంతే గట్టి సెలవులు. వాటికి కూలీ కోయకూడదు.

రెండు. రాత్రి పదికి వేడుక ముగియాలి. పగటి లగ్నం పెట్టుకున్న ఇంటికి ముందు తేదీ ఇస్తాం. రాత్రంతా పనిచేసిన మనిషిని మర్నాడు నిచ్చెన ఎక్కించం, లారీ తోలించం.

మూడు. పనికి వచ్చిన ప్రతి మనిషి పేరూ ఒప్పంద కాగితం మీద ఉంటుంది. ప్రమాద బీమా ఖర్చు ఎస్టిమేటులో విడిగా వేస్తాం, దానిలో బేరం లేదు. బెల్టు లేకుండా ఎవరూ ట్రస్ ఎక్కరు. గాయమైతే ఆస్పత్రి కాగితం మీద సంతకం పెట్టేది ఎవరో అడ్వాన్సు పుచ్చుకునే రోజునే రాసుకుంటాం.

నాలుగు. బ్యాలెన్సు జీలకర్ర బెల్లానికి ముందే ఇవ్వాలి. పెళ్లయ్యాక తిప్పించుకునే బాకీతో కుర్రాళ్ల కూలీ ఆగుతోంది. దీని మీద ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు.

టెంట్ హౌసు వాళ్లు, పూలవాళ్లు, లైటింగు, సౌండు వాళ్లు, వంట మేస్త్రీలు, వడ్డన పిల్లలు, మేళం వాళ్లు, ఫొటోలవాళ్లు, బ్యూటీ పార్లరు అక్కచెల్లెళ్లు, అందరూ ధనుర్మాసం పట్టేలోగా ఈ కాగితం కింద సంతకం చేయండి. సంతకం చేసిన కాగితం మీ కొట్టు గోడకి, పార్టీ వాళ్లు కూర్చునే కుర్చీకి ఎదురుగా అంటించండి. అది చూశాకే అడ్వాన్సు మాటెత్తండి.

పెళ్లి పెట్టుకున్న పెద్దలారా, పంతులుగారి దగ్గర కూర్చున్నప్పుడు పగటి లగ్నం చూడమని నోరు తెరిచి అడగండి. మీ పందిరి వేసేవాడికీ ఒక ఇల్లుంది, దాని ముందూ ఒక ముగ్గుంది. భోగి నాడు మాకు ఫోను చేయకండి. చేసినా ఎత్తం.