సెప్టెంబర్ 23న మన పిల్లలు స్టేజ్ మీద ఏం చెప్పాలి?



పిల్లల డైరీలో ఈ నెల 23వ తేదీ దగ్గర 'హైఫా డే, స్పెషల్ అసెంబ్లీ' అని రాయించాం. "ఇదేం డే మేడమ్, ఎప్పుడూ వినలేదే" అని పోయినసారి పీటీఎంలో చాలామంది అడిగారు. క్యూలో వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటే రెండు ముక్కల్లో చెప్పి పంపించాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. అసెంబ్లీ ఎలా ఉండాలన్న దానిపై నాకో అభిప్రాయం ఉంది, అది కూడా చెప్తాను. మీరు ఒప్పుకోకపోతే తప్పకుండా వచ్చి మాట్లాడండి.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులు. హైఫా ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న రేవు పట్టణం. అప్పట్లో అది ఒట్టోమన్ టర్కీ చేతిలో ఉంది. 1918 సెప్టెంబర్ 23న బ్రిటిష్ సైన్యంలోని 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్ ఆ ఊరిని పట్టుకుంది. ఈ బ్రిగేడ్‌లోని రెజిమెంట్లు మన సంస్థానాలవే: జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లు. లాన్సర్లంటే ఈటెలు పట్టిన గుర్రపు దళం. ఒక పక్క కార్మెల్ కొండ, ఇంకో పక్క కిషోన్ వాగు, ఎదురుగా ఫిరంగులూ మెషిన్ గన్‌లూ. మైసూర్ వాళ్లలో కొందరు కొండెక్కి అక్కడి ఫిరంగుల మీద పడ్డారు. జోధ్‌పూర్ వాళ్లు నేరుగా ఊరి మీదికి గుర్రాలు దూకించారు. వాళ్లను నడిపించిన మేజర్ దళపత్ సింగ్ షెకావత్ అక్కడే ప్రాణం వదిలారు. మన వైపు చనిపోయింది 8 మంది, గాయపడింది 34 మంది. చచ్చిన గుర్రాలు 60. పట్టుబడిన శత్రు సైనికులు 1,350 మంది దాకా ఉన్నారు.

ఢిల్లీలో తీన్ మూర్తి చౌక్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడున్న మూడు సైనికుల విగ్రహాలు ఈ మూడు సంస్థానాలకు గుర్తుగా 1922లో పెట్టినవే. 2018 జనవరిలో దాని పేరును తీన్ మూర్తి హైఫా చౌక్‌గా మార్చారు. ఆ ముగ్గురిలో ఒకరు మన హైదరాబాదీ.

ఇక నా బాధ. నేను చెప్పేది ఇంగ్లిష్, సోషల్ కాదు. కానీ అసెంబ్లీ స్పీచ్‌లన్నీ దిద్దడానికి నా టేబుల్ మీదికే వస్తాయి. సెవెన్త్ నుంచి నైన్త్ దాకా పిల్లలు తెచ్చిన కాగితాల్లో ఎక్కువ వాటిలో ఒకే వాక్యం కనబడింది: హైదరాబాద్ లాన్సర్లు ఈటెలతో మెషిన్ గన్‌ల మీదికి దూకి హైఫాను గెలిచారని. ఎక్కడిదని అడిగితే "డాడీ ఫోన్‌లో వచ్చింది మేడమ్" అన్నారు. తప్పు పిల్లలది కాదు. ఆ ఫార్వర్డ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది.

హైఫాలో గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. అదే బ్రిగేడ్‌లో ఉన్న హైదరాబాద్ వాళ్లకు అప్పుడు అప్పజెప్పిన పని యుద్ధ ఖైదీల కాపలా.

ఈ మాట స్టాఫ్ రూమ్‌లో అన్నప్పుడు "మరి స్టేజ్ మీద అది చెప్తే ఏం బాగుంటుంది?" అన్నారు ఒకరు. నాకైతే బాగానే ఉంటుందనిపిస్తుంది. సెప్టెంబర్ 19న మొదలైన ఆ దండయాత్రలో అక్టోబర్ చివరికల్లా పట్టుబడ్డ ఖైదీలు దాదాపు 75 వేల మంది. ఎండలో, నీళ్లు దొరకని దారుల్లో అంతమందిని లెక్కపెట్టి, నడిపించి, ప్రాణాలతో గమ్యం చేర్చడం చిన్న పనా? ఓడిపోయి చేతులెత్తినవాడిని చూసుకోవడం కూడా సైనికుడి పనే. దానికి ఫొటోలుండవు, బొమ్మలుండవు, అంతే తేడా. మైసూర్ వాళ్ల ఘనత తెచ్చి మన ఖాతాలో వేసుకుంటే, మనవాళ్లు నిజంగా చేసిన పని కాస్తా కనబడకుండా పోతుంది.

ఇంకో రకం ఫార్వర్డ్ కూడా తిరుగుతోంది. హైదరాబాద్ వాళ్లు ముస్లింలు కాబట్టి, ఒట్టోమన్ సుల్తాన్ వాళ్లకు ఖలీఫా కాబట్టి, వాళ్లను నమ్మక వెనక్కి పెట్టారని. ఒక్క వాక్యంలో చరిత్ర మొత్తం తేల్చేసే ఇలాంటి మాటలంటే నాకు భయం. ఎందుకంటే నా క్లాస్‌లో ఒకే బెంచీ మీద శాలిబండ పిల్లాడు, లాల్ దర్వాజా పిల్లాడు, బార్కస్ పిల్లాడు కూర్చుంటారు. ఖలీఫా మీద గౌరవం అప్పటి ముస్లింలలో ఉంది, నిజమే. 1914 నవంబర్‌లో ఒట్టోమన్‌లు జిహాద్ ప్రకటించారు, అదీ నిజమే. అయితే అదే సమయంలో మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముస్లింలంతా బ్రిటిష్ పక్షాన నిలవాలని ఫర్మానా ఇచ్చారు. ఆయన లాన్సర్లు 1914లోనే ఈజిప్టుకు వెళ్లి సూయజ్ కాలువ దగ్గర అదే ఒట్టోమన్ సైన్యానికి ఎదురు నిలిచారు. నాలుగేళ్లు ఆ రంగంలోనే ఉన్నవాళ్లను ఒక్క రోజు డ్యూటీ చూసి అనుమానించడం న్యాయమా? అది మన క్లాస్‌రూమ్‌లోకి రాకూడదు.

ఎయిత్ క్లాస్ అమ్మాయి ఒకతె అడిగింది: "మేడమ్, వాళ్లు ఇండియా కోసం కొట్లాడారా?" నేను కాదనే చెప్పాను. 1918లో దేశం మన చేతిలో లేదు. వాళ్లు జీతం తీసుకున్నది నిజాం దగ్గర, కొట్లాడింది బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున. ఇంపీరియల్ సర్వీస్ దళాల ఖర్చు సంస్థానాలే పెట్టుకునేవి. అంటే ఆ గుర్రాల దాణా డబ్బు నల్గొండ, వరంగల్ రైతు కట్టిన శిస్తులోంచీ వెళ్లిందన్నమాట. "పరాయి వాళ్ల యుద్ధం పండగలా ఎందుకు చేయాలి?" అని ఒక నాన్నగారు అడిగారు. పండగ వద్దనే నేనూ అంటున్నాను. పదమూడు లక్షల మందికి పైగా భారతీయులు ఆ యుద్ధానికి వెళ్లారు, సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఎవరి తరఫున వెళ్లినా వాళ్లు మన ఇళ్లలోంచే వెళ్లారు. ఆ సంగతి పిల్లలకు తెలియాలి కదా.

మన పాతబస్తీ పిల్లలకు ఈ కథలో ఇంకో మలుపు కూడా చెప్పాలి. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం. హైఫా జరిగిన 13 ఏళ్లకు, 1931లో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో మన నిజాం కొడుకులిద్దరి పెళ్లి జరిగింది. పెద్ద కోడలు దుర్రుషెహ్వార్ చివరి ఖలీఫా కూతురు. చిన్న కోడలు నీలోఫర్ కూడా ఒట్టోమన్ రాజవంశం అమ్మాయే. నిన్న ఎవరి సైన్యంతో తలపడ్డామో ఆ ఇంటి ఆడపిల్లలే ఇవాళ మన కోడళ్లు! పురానీ హవేలీలో దుర్రుషెహ్వార్ పేరుతో ఉన్న ఆస్పత్రి మీకు తెలిసిందే. మన స్కూల్లో ఎంతమంది పిల్లలు అక్కడ పుట్టారో ఓసారి చేతులెత్తమనాలి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ సంగతి చెప్పనక్కర్లేదు. తొంభై మార్కుల సిలబస్‌లో ఇది రాదు, కానీ పిల్లలు మర్చిపోరు.

జోధ్‌పూర్, మైసూర్ రెజిమెంట్లు తర్వాత భారత సైన్యంలోని 61వ కావల్రీలో కలిశాయి. ఏటా హైఫా డే వస్తే వాళ్లను తలచుకునే రెజిమెంట్ ఒకటుంది. 1948 సెప్టెంబర్ 17 తర్వాత హైదరాబాద్ సంస్థాన సైన్యం రద్దయింది. మనవాళ్ల జ్ఞాపకం మోసే రెజిమెంట్ లేకుండా పోయింది. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అన్న పేరు మాత్రం మిగిలింది. రోజూ ఆటోవాళ్లతో ఆ పేరు చెప్పి బేరమాడతాం.

అందుకే నా మనవి. కేజీ పిల్లలకు తలపాగా కట్టి అట్టముక్క ఈటె ఇస్తే ముద్దుగానే ఉంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి. పెద్ద క్లాసులకు మాత్రం ఫ్యాన్సీ డ్రెస్ వద్దు. స్పీచ్ మీరు రాసివ్వకండి, ఫోన్‌లోంచి కాపీ చేయించకండి. ఐదు వాక్యాలైనా సరే, పిల్లలు సొంతంగా రాసి తెస్తే ఇంగ్లిష్ నేను సరిచేస్తాను. తెలుగులో గానీ ఉర్దూలో గానీ చెప్తామన్నా నాకు అభ్యంతరం లేదు. ప్రిన్సిపల్ గారూ ఒప్పుకున్నారు.

మీ ఇంట్లో తాతల కాలం నాటి మెడల్, పెన్షన్ కాగితం, యూనిఫామ్‌లో దిగిన ఫొటో ఏదైనా ఉంటే దయచేసి 18వ తేదీలోగా దాని ఫొటో తీసి క్లాస్ టీచర్‌కు పంపండి. లాన్సర్లే కానక్కర్లేదు, ఏ సైన్యమైనా, ఏ యుద్ధమైనా పర్వాలేదు. అసలు వస్తువులు మాత్రం పిల్లల బ్యాగుల్లో పెట్టి పంపకండి, టిఫిన్ బాక్సులే తిరిగి రావట్లేదు. దాదీ, నానమ్మ ఎవరైనా చెప్పే కథ ఉంటే పిల్లలు కూర్చుని రాసుకోవాలి. ఆ కథ సగమే ఉన్నా తీసుకుంటాం.

అసెంబ్లీ ఉదయం 8:40కి మొదలవుతుంది. జోధ్‌పూర్ గురించి ఒకరు, మైసూర్ గురించి ఒకరు చెప్తారు. హైదరాబాద్ వంతు నైన్త్ క్లాస్ అమ్మాయిలిద్దరిది. ఖైదీల సంగతి, పురానీ హవేలీ సంగతి రెండూ వాళ్ల స్పీచ్‌లో ఉన్నాయి. రావాలనుకునేవాళ్లు పేరెంట్ ఐడీ కార్డు తెచ్చుకోండి, గేటు దగ్గర అడుగుతారు.