ఏసీకి ముందు సున్నం

న్యూయార్క్ లాంటి పాత నగరాల్లో ఆవిరి రేడియేటర్లున్న ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. కింద బాయిలర్, గదిలో ఇనుప రేడియేటర్. అందులో కిలో ఆవిరి నీరుగా మారితే దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి వస్తుంది. రేడియేటర్ లేని గదికి కొత్తగా ఒకటి పెట్టాలంటే ముందు ఒక లెక్క వెయ్యాలి: గోడలు, కిటికీలు, కప్పు గుండా ఎంత వేడి బయటికి పోతోంది? దాన్ని బట్టే రేడియేటర్ సైజు.

మా తిరువూరులో సమస్య తిరగబడుతుంది. ఇక్కడ వేడి లోపలికొస్తుంది. లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. "పదికి పన్నెండు గదేగా, ఒక టన్ను చాల్లే" అంటారు, అంతే. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలోనూ ఇదే తంతు. నేననేది ఒక్కటే: ఏసీ కొనేముందు శ్లాబు సంగతి చూడండి.

ఆ పదికి పన్నెండు గదినే తీసుకుందాం. శ్లాబు మందం అయిదంగుళాలనుకుంటే పైనున్న కాంక్రీటు మూడు టన్నుల పైమాటే. పగలంతా ఎండకి అది 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 30 వేల కిలోజౌళ్లు దాచుకుంటుంది. అందుకే పొద్దుగూకాక కూడా మేడ మీద గది కుంపటిలా ఉంటుంది. ఒక టన్ను ఏసీ సెకనుకి తోడేది 3.5 కిలోజౌళ్లు. శ్లాబు వేడంతా గదిలోకే దిగితే, దాన్ని తోడెయ్యడానికే రెండు గంటలకి పైగా పడుతుంది. సగం పైకి పోయిందనుకున్నా, మిగతా సగానికి కరెంటు బిల్లు కట్టేది మనమే.

ఇక సున్నం. మాసిన కాంక్రీటు ఎండలో సగానికి పైగా పీల్చుకుంటుంది. తెల్లగా సున్నం కొడితే చాలావరకు తిప్పికొడుతుంది. వానలకి పోతుంది కాబట్టి ఏటా కొట్టాలి, నిజమే. కానీ ఒక ఆదివారం పని. మన పక్కనున్న తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందంటే, ఇది చాదస్తం కాదన్నమాట.

తాతల కాలంనాటి వట్టివేళ్ల తడికలు కూడా అంతే. లీటరు నీళ్లు ఆవిరైతే గాల్లోంచి 2,400 కిలోజౌళ్ల దాకా లాగేస్తుంది. రేడియేటర్ చేసేదానికి ఇది సరిగ్గా ఉల్టా. అయితే కిటికీ తెరిచి ఉండాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో అంతగా పనిచెయ్యదు.

ఏసీ వద్దంటున్నానా? లేదు. 2015 మేలో వడగాడ్పులకి మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా పోయారు. పెద్ద వయసువాళ్లకి చల్లటి గది సోకు కాదు, అవసరం. మరి మన ఇళ్లలో ఏసీ ఎవరి గదిలో ఉంటోంది? చాలాచోట్ల చదువుకునే మన గదిలో, లేదా కొత్తగా పెళ్లయినవాళ్ల గదిలో. నానమ్మకేమో ఫ్యాను. "నాకు అలవాటేరా" అంటుంది, మనం నమ్మేస్తాం. శరీరానికి మాత్రం ఆ మొహమాటం తెలీదు.

అందుకే వరుస ఇలా ఉండాలంటాను: ముందు మేడ మీద సున్నం, తర్వాత పడమటి కిటికీకి నీడ, ఆ తర్వాత లెక్క వేసి ఏసీ. అది కూడా ముందు పెద్దవాళ్ల గదిలో. హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ పరీక్షలో రాసి వదిలెయ్యడానికే కాదు కదా. ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు ఓసారి మేడెక్కండి. టేపు, బకెట్టు, బ్రష్షు చాలు.