అగరుబత్తి చెప్పిన లెక్క

ఆదివారం సాయంత్రం. తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కల సూత్రాలు అప్పజెప్పించుకుంటున్నాడు నాన్న.

"సరళరేఖ సమీకరణం చెప్పమ్మా."

"వై ఈజీక్వల్టూ ఎమ్ ఎక్స్ ప్లస్ సి."

"శభాష్! ఎమ్ అంటే?"

"వాలు."

"వాలు అంటే?"

పాప ఒక్క క్షణం ఆలోచించింది. "ఎమ్, నాన్నా!" అంది.

నాన్నకి నవ్వొచ్చింది. ఆ వెంటనే గుండె కాస్త గతుక్కుమంది. ఎందుకంటే ఒకప్పుడు తనూ అదే జవాబుతో గట్టెక్కాడు. ఇప్పుడు కూతురికి చెబుదామంటే అంతకుమించి మాట రావడం లేదు.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. ఆరు, ఏడు తరగతుల దాకా కూడికలు, భిన్నాలు, శాతాలు చకచకా చేసుకుంటూ వచ్చిన పిల్లలు.. అంకెల మధ్యలోకి అక్షరాలు వచ్చి కూర్చునేసరికి తడబడతారు. సమీకరణం, గ్రాఫు, వాలు.. ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. 'నాకు లెక్కలు రావు' అన్న మాట చాలామంది పిల్లల నోట మొదటిసారి వినిపించేది ఇక్కడే. ఆ మాట ఒక్కసారి మనసులో పాతుకుపోతే, దాన్ని పీకెయ్యడం ఏ ట్యూషన్ మాస్టారికైనా కష్టమే.

చుట్టం లాంటి మాట

చిత్రమేమిటంటే, వాలు అన్నది తెలుగు పిల్లలకు కొత్త మాట కానే కాదు. తాతయ్య కూర్చునేది వాలుకుర్చీలో. సాయంత్రమైతే పొద్దు వాలుతుంది. పెంకుటింటి కప్పుకు వాలుంటేనే వాన నీళ్లు జారిపోతాయి. పొలానికి నీళ్లు పెట్టే రైతు నేల వాలు ఎటుందో చూసే కాలువ తీస్తాడు. బట్టలుతికే గట్టు దగ్గర నీళ్లు నిలిచిపోతుంటే 'తాపీమేస్త్రీ వాలు సరిగ్గా ఇవ్వలేదు' అని అమ్మ విసుక్కుంటుంది. ఇన్ని చోట్ల వినిపించే మాట క్లాసులోకి వచ్చేసరికి ఒంటరి అక్షరమైపోతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లల సంగతి సరేసరి. వాళ్ల 'స్లోప్'కీ, తాతయ్య కుర్చీకీ సంబంధం ఉందని చెప్పేవాళ్లే ఉండరు.

అందుకే కొందరు మాస్టార్లు ఈ పాఠాన్ని బోర్డు మీద కాదు, బల్ల మీద మొదలుపెడతారు. దానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక అగరుబత్తి, ఒక స్కేలు, ఒక గడియారం, గ్రాఫు కాగితం.. అంతే!

వెలిగించు.. కొలువు.. గియ్యి

ముందు ఫ్యాన్లు ఆపేస్తారు. పిల్లలు 'అబ్బా, ఉక్కపోత సార్' అని గోల చేస్తారు. చెయ్యనివ్వాలి, దాని పని తర్వాత ఉంది. అగరుబత్తికి మసాలా పూత ఉన్నంత మేరా కొలిస్తే 18 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. వెలిగించి అయిదు నిమిషాలకోసారి మిగిలిన పొడవు కొలవడమే పని. 16.. 14.. 12.. అంకెలు ఒక వరసలో దిగుతుంటాయి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నిమిషాలు, నిలువుగా పొడవు వేసుకుని చుక్కలు పెడితే అవి దాదాపు ఒకే గీత మీద నిలబడతాయి. ఒక చుక్క మిల్లీమీటరు పైకో కిందికో జరిగితే కంగారు పడక్కర్లేదు. చేత్తో కొలిచిన ఏ కొలతకైనా ఆ మాత్రం తేడా ఉంటుంది.

అప్పుడు మాస్టారు అడగాల్సిన ప్రశ్న ఒకటే. "ఇది ఎప్పుడు ఆరిపోతుంది?"

ఏ సూత్రమూ తెలియని పిల్లాడు కూడా స్కేలు తీసుకుని, ఆ గీతను కిందికి పొడిగించి, అది అడ్డగీతను తాకిన చోట చూసి "45 నిమిషాలకి సార్" అంటాడు. జరగబోయేది గీత ముందే చెప్పేసింది. చైనాలోనూ జపాన్‌లోనూ ఒకప్పుడు సుగంధ ధూపం కాలే తీరును బట్టే వేళను లెక్కగట్టేవారు. వాళ్ల గడియారమే మన పిల్లల గ్రాఫు కాగితం మీదికి వచ్చిందన్నమాట.

ఇప్పుడు రెండో అంకం. అంతే పొడవున్న మరో అగరుబత్తిని ఫ్యాను కింద వెలిగిస్తారు. గాలికి అది త్వరగా కాలిపోతుంది. నిమిషానికి 0.4 సెంటీమీటర్లు తరిగేది, ఇప్పుడు 0.6 తరిగిందనుకుంటే అరగంటకే అయిపోతుంది. గీత మొదలైన చోటు అదే, కానీ మరింత నిటారుగా దిగింది. మారింది వాలు.

మూడోసారి, ఫ్యాను ఆపి, సగానికి విరిచిన అగరుబత్తి వెలిగిస్తారు. ఈ గీత 9 దగ్గర మొదలవుతుంది. దిగే తీరు మాత్రం మొదటి దానిలాగే ఉంటుంది. కాగితం మీద రెండు గీతలూ రైలు పట్టాల్లా పక్కపక్కనే పోతాయి. ఇక్కడ మారింది 'సి' మాత్రమే, 'ఎమ్' మారలేదు.

ఇంత అయ్యాకే సుద్దముక్క పట్టుకోవాలి. పొడవు = 18 - 0.4 × నిమిషాలు. పాప గడగడా అప్పజెప్పిన వై ఈజీక్వల్టూ ఎమ్ ఎక్స్ ప్లస్ సి ఇదే. సి అంటే ఎక్కడ మొదలైందో. ఎమ్ అంటే ఎంత చొప్పున మారుతోందో. తరుగుతోంది కనుక ముందు మైనస్.

ఆ 'చొప్పున' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. కిలో ఇంత చొప్పున, రోజుకు ఇంత చొప్పున అని సంతలో అమ్మమ్మలు వాడే మాటే అది. బడికి వెళ్లని అమ్మమ్మకు కూడా వాలు తెలుసు.. ఆ పేరు తెలియదంతే!

ఓటు హక్కు నుంచి ఆల్జీబ్రా దాకా

ముందు అనుభవం, తర్వాత బొమ్మ, ఆ తర్వాత సొంతమాట, చిట్టచివర గుర్తులు.. ఈ వరసను ఒక ఉద్యమంలా నడిపిన మనిషి అమెరికాలో ఉండేవారు. ఆయన పేరు రాబర్ట్ మోజెస్. 1960ల మొదట్లో మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి ప్రజల్ని ఓటర్లుగా నమోదు చేయించడానికి ప్రాణాలకు తెగించి ఊరూరా తిరిగారు. దెబ్బలు తిన్నారు, జైలుకెళ్లారు. తర్వాత కొన్నేళ్లు టాంజానియాలో లెక్కల పాఠాలు చెప్పారు.

1982లో, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఆయన పెద్దమ్మాయి ఎనిమిదో తరగతికొచ్చింది. ఆ బళ్లో ఆల్జీబ్రా చెప్పడం లేదు. టీచరు ఆయన్నే వచ్చి చెప్పమన్నారు. కూతురితో పాటు మరికొందరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆయన మొదలుపెట్టిన ఆ పాఠాలే తర్వాత 'ఆల్జీబ్రా ప్రాజెక్ట్' అయ్యాయి. పిల్లల్ని ఆయన మెట్రో రైలు ఎక్కించేవారు. తిరిగొచ్చాక ఆ ప్రయాణాన్ని బొమ్మగా గియ్యమనేవారు. తమ మాటల్లో రాయమనేవారు. ఎన్ని స్టేషన్లు, ఎటువైపు అన్న ప్రశ్నల్లోంచి ప్లస్సులు, మైనస్సులు పుట్టుకొచ్చేవి. గుర్తులు రాసేది అన్నిటికంటే ఆఖర్న.

ఓటు లేని మనిషికి 1960ల్లో ఊళ్లో ఎలా మాట చెల్లలేదో, లెక్కలు రాని పిల్లలకు రేపటి లోకంలో అలాగే మాట చెల్లదన్నది ఆయన వాదన. అక్కడ ఆల్జీబ్రా దాటితేనే పైక్లాసుల లెక్కలకు దారి. ఇక్కడా అంతే. ఫిజిక్స్‌లో వేగం-కాలం గ్రాఫు వాలే త్వరణం. ఎకనమిక్స్‌లో డిమాండ్ రేఖ దగ్గరా వాలే. తొమ్మిదో తరగతిలో అర్థం కాని ఒక్క ముక్క ఇంటర్లో నాలుగు సబ్జెక్టుల్లో అడ్డం పడుతుంది. మోజెస్ 2021 జులైలో కన్నుమూశారు. ఆయన వేసిన బాట మాత్రం మిగిలింది.

ఇంట్లోనే పాఠం

దీనికి తల్లిదండ్రులు లెక్కల పండితులు కానక్కర్లేదు. పాల లెక్క చాలు. పాలు పోయించుకోకపోతే డబ్బు ఇవ్వక్కర్లేదు కనుక ఆ గీత సున్నా దగ్గరే మొదలవుతుంది. మీటరు ఆటోలో కొంత దూరం దాకా కనీస చార్జీయే. అక్కడిదాకా గీత అడ్డంగా పడుకుని, ఆ తర్వాత లేస్తుంది. కరెంటు బిల్లులో శ్లాబు మారినప్పుడల్లా యూనిట్ రేటు పెరిగి గీత ఇంకాస్త నిటారవుతుంది. 'ఏసీ ఆపు' అని నాన్న ఎందుకు అరుస్తాడో పిల్లలకు ఆ మలుపు దగ్గర తెలుస్తుంది!

పిల్లలు సాధారణంగా బోల్తాపడే చోట్లు రెండు. పైన ఉన్న గీతకే వాలు ఎక్కువనుకోవడం ఒకటి. మిద్దె మీద పెట్టిన బల్ల ఎంత ఎత్తున ఉన్నా దానికి వాలు లేదు కదా అంటే ఇట్టే పట్టేస్తారు. రెండోది, స్కేలు చూడకపోవడం. నిలువు కొలతను సాగదీసి గీస్తే చిన్న పెరుగుదల కూడా కొండలా కనిపిస్తుంది. టీవీలో ధరల గ్రాఫు వచ్చినప్పుడు ముందు పక్కనున్న అంకెలు చూడమని పిల్లలకు నేర్పితే, అది పరీక్షకే కాదు, జీవితానికీ పనికొస్తుంది.

ఇక బళ్లోనే చెయ్యదగ్గ లెక్క ఇంకొకటి ఉంది. చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపు 1:12 కంటే నిటారుగా ఉండకూడదన్నది ప్రమాణం. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. బడి అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు సాగాలి. అక్కడున్నది 1 మీటరు 80 సెంటీమీటర్లే అయితే వాలు 1:4. ఉండాల్సిన దానికి మూడు రెట్లు! అలాంటి ర్యాంపు ఉన్నా లేనట్టే. చక్రాల కుర్చీలో వచ్చే పాప దాన్ని తనంతట తాను ఎక్కలేదు. టేపు పట్టుకుని ఆ సంగతి కనిపెట్టిన పిల్లలకు వాలంటే ఏమిటో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం నాన్న పుస్తకం మూసేసి, పూజగదిలోంచి ఒక అగరుబత్తి, పాప పెన్సిల్ బాక్సులోంచి స్కేలు తీశాడు. ముప్పావుగంట తర్వాత మళ్లీ అదే ప్రశ్న.

"ఎమ్ అంటే?"

"ఎంత చొప్పున తరుగుతోందో అది, నాన్నా."

ఈసారి పాప ఆలోచించలేదు.