మిశ్రమాన్ని మిశ్రమమనే రాద్దాం

ఏప్రిల్ వచ్చిందంటే కాన్సాస్‌లోని మా విచిటా చుట్టుపక్కల అడవి టర్కీ కోడి గురించే మాట. తుపాకీ పట్టేవాళ్లూ, నాలాగా బైనాక్యులర్ పట్టేవాళ్లూ ఒకే ప్రశ్న వేసుకుంటారు: "కనబడింది ఈస్టర్నా, రియో గ్రాండేనా?" ప్రశ్న మంచిదే. దానికి ఆ రెంటిలో ఒకటే జవాబు కావాలన్న పట్టుదల మాత్రం మంచిది కాదు. రెండు ఉపజాతులు కలిసి తిరిగే నేలమీద మూడో జవాబు ఉంది. అది మిశ్రమం. ఆ మాట రాయడానికి మనం వెనకాడినన్నాళ్లూ మన లెక్కలు పక్షి గురించి కాక మన కోరిక గురించి చెబుతుంటాయన్నది నా నమ్మకం.

నేను భీమవరం దగ్గరి పల్లెలో పుట్టి, ఇక్కడికి వచ్చి విమానాల విడిభాగాల పరిశ్రమలో పనిచేస్తున్నాను. సెలవు దొరికితే నినెస్కా నది ఒడ్డునో, ఇంకా పడమరకు పోయి మెడిసిన్ లాడ్జ్ చుట్టూ ఉన్న ఎర్రమట్టి గుట్టల్లోనో ఉంటాను. టర్కీని ఫారంలోనే చూసిన తెలుగు పాఠకులకు ముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

అడవి టర్కీ ఒకటే జాతి. అమెరికా నేలమీద దానికి ఐదు ఉపజాతులున్నాయి. తూర్పు సగంలోని ఆకురాల్చే అడవులది ఈస్టర్న్. టెక్సస్ నుంచి కాన్సాస్ దాకా పొడి మైదానాల్లో, నదుల వెంట ఉండే చెట్ల వరుసల్లో బతికేది రియో గ్రాండే. పడమటి కొండల్లో పాండెరోసా పైన్ అడవులను నమ్ముకున్నది మెరియమ్స్. ఫ్లోరిడా ద్వీపకల్పానికే పరిమితమైనది ఓసియోలా. 1890లో డబ్ల్యు.ఇ.డి. స్కాట్ దానికి సెమినోల్ ఆదివాసీ నాయకుడి పేరు పెట్టాడు. ఐదోది గూల్డ్స్. దాని అసలు ఇల్లు మెక్సికోలోని సియెర్రా మాద్రె కొండలు. అరిజోనా, న్యూ మెక్సికోల దక్షిణపు మూలల్లో కొద్దిగా ఉంటుంది.

వీటిని విడదీసే మొదటి గుర్తు తోక. పుంజు తోక విప్పినప్పుడు ఈకల చివరి అంచు చూడాలి. తోక మొదలును కప్పే చిన్న ఈకల అంచులు కూడా చూడాలి. ఈస్టర్న్‌కు రాగి కలిసిన ముదురు గోధుమ రంగు. ఓసియోలాకూ ముదురు గోధుమే. రియో గ్రాండేకు పసుపు కలిసిన లేత గోధుమ. మెరియమ్స్‌కు ఇంచుమించు తెలుపు. గూల్డ్స్‌కు తెల్లటి వెడల్పాటి అంచు. రెండో గుర్తు రెక్క. ఈస్టర్న్ రెక్క ఈకల్లో నలుపు, తెలుపు చారలు సమంగా ఉంటాయి. ఓసియోలాకు తెల్ల చారలు సన్నబడి రెక్క నల్లగా కనిపిస్తుంది. పెట్టల విషయానికొస్తే రొమ్ము ఈకల అంచులు చూడాలి. మెరియమ్స్ పెట్టకు అవి తెల్లబారి ఉంటాయి.

పుస్తకంలో పక్కపక్కన పెట్టిన బొమ్మల్లో ఇదంతా సులువే. నది ఒడ్డున సులువు కాదు. టర్కీ ఈకలది కంచు మెరుపు. ఎండ పడిన కోణాన్ని బట్టి అదే ఈక రాగిలానూ, ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. సాయంత్రపు వెలుగులో లేత గోధుమ అంచు ముదిరి, ఈస్టర్న్ అనిపిస్తుంది. పైగా వేసవి చివర మొలిచిన కొత్త ఈకలు వసంతం వచ్చేసరికి ఎండకు వెలిసి, కొసలు అరిగి ఉంటాయి. మనం ఎక్కువగా చూసేది ఆ అరిగిన తోకనే. ఈస్టర్న్ గుంపుల్లో అప్పుడప్పుడు బూడిద రంగు పక్షి పుడుతుంది. అది రంగులో తేడాయే తప్ప వేరే రక్తం కలిసినట్టు కాదు.

తెల్ల అంచు చూడగానే మెరియమ్స్ అని సంబరపడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పెరటి నుంచి తప్పించుకున్న కంచు రంగు పెంపుడు టర్కీకి కూడా తోక అంచు తెల్లగానే ఉంటుంది. ఎందుకంటే పెంపుడు టర్కీల మూలం మెక్సికోలో దక్షిణాన ఉండే మరో ఉపజాతి. స్పెయిన్‌వాళ్లు ఐరోపాకు తీసుకుపోయింది ఆ పెంపుడు పక్షినే. అది గోవా రేవుకు చేరి, అక్కడి నుంచి 1612లో ముఖర్రబ్ ఖాన్ చేతిమీదుగా జహంగీరు దర్బారుకు వెళ్లింది. ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ గీశాడు. మన ఊళ్లలో నేడు పెంచుతున్న టర్కీల పుట్టుక కూడా ఆ మెక్సికో పక్షిలోనే ఉంది.

ఇక కాన్సాస్ సంగతి. తూర్పున ఈస్టర్న్, పడమట రియో గ్రాండే, నడుమ రెండూ కలిసిన పక్షులు. ఇది ప్రకృతి ఒక్కటే గీసిన పటం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా వేట వల్లా, చెట్ల నరికివేత వల్లా ఇక్కడ టర్కీ కనుమరుగైంది. 1951లో సౌత్ కరోలినాలో ఫిరంగి వలతో అడవి టర్కీలను పట్టే పద్ధతి కుదిరాక, బతికి ఉన్న గుంపుల నుంచి పక్షులను పట్టి ఖాళీ అయిన చోట వదలడం దేశమంతటా ఊపందుకుంది. కాన్సాస్‌లో 1960ల నుంచి అదే జరిగింది. వదిలిన పక్షులు నదుల వెంట కాటన్‌వుడ్ చెట్లు పట్టుకుని తూర్పుకూ పడమరకూ పాకి, మధ్యలో కలుసుకున్నాయి. కలిసిన చోట జత కట్టాయి. ఒకే జాతి కనుక పిల్లలు నిక్షేపంగా పెరిగాయి.

అందుకే నేను ఒక్క పక్షిని చూసి పేరు పెట్టను. పొద్దువాలే వేళ రాత్రి వసతికి చెట్లెక్కబోయే గుంపును మొత్తంగా చూస్తాను. ఒక పుంజుకు ముదురు అంచు, పక్కదానికి లేత అంచు, మూడోదానికి తోక ముదురు, తోక మొదలు లేత. అలాంటి గుంపులో అచ్చమైన ఈస్టర్న్ అంటూ ఒకదాన్ని ఏరడానికి ఆధారం లేదు. గుంపంతా ఒకే తీరున ఉండి, అది ఆ ఉపజాతి సొంత నేలే అయి, ఆ చుట్టుపక్కల వేరే రకాన్ని వదిలిన దాఖలా లేకపోతే అప్పుడు ధైర్యంగా పేరు రాయవచ్చు. ఈక, చోటు, చరిత్ర. మూడూ ఒకే మాట చెప్పాలి.

ఈ విషయంలో మా గోదావరి జిల్లాల పెద్దలను తలుచుకుంటాను. పుంజు ఈక చూసి కాకి, డేగ, నెమలి అని చెప్పే ఆ కళ్లు, రంగులు కలిసిన పుంజు ఎదురైతే కాకి డేగ అనో, కాకి నెమలి అనో చెబుతాయి. కలిసినదాన్ని కలిసినట్టే గుర్తించడం వాళ్లకు చిన్నతనం కాలేదు.

ఇక్కడ అడ్డుపడేది గ్రాండ్ స్లామ్ మోజు. ఈస్టర్న్, ఓసియోలా, రియో గ్రాండే, మెరియమ్స్ నాలుగూ వేటాడినవారికి ఆ గౌరవం. గూల్డ్స్ కూడా కలిస్తే రాయల్ స్లామ్. జాబితాలో ఖాళీ గడి ఉన్నప్పుడు కన్ను ఆ గడికి సరిపడే రంగునే వెతుకుతుంది. నేను వేటగాళ్లను తప్పుపట్టడం లేదు. తుపాకుల మీద, తూటాల మీద పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించిన 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం లేకుంటే, వాళ్ల డబ్బూ శ్రమా లేకుంటే, ఈ నదుల ఒడ్డున నాకు చూడటానికి టర్కీయే ఉండేది కాదు. ఆ పునరుద్ధరణను గెలిపించినవాళ్లే దాని లెక్కను కూడా నికార్సుగా ఉంచాలని అడుగుతున్నాను.

కొందరు పటం మీద గీత గీస్తే చాలంటారు. ఫ్లోరిడాలో అలాగే చేస్తారు: ఫలానా కౌంటీల వరుసకు దక్షిణాన దొరికితే ఓసియోలా, ఉత్తరాన అయితే కాదు. రికార్డు పుస్తకానికి అలాంటి గీత అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే పక్షి గీత దగ్గర ఆగదు. ఉత్తర ఫ్లోరిడాలో ముదురు రెక్క కొద్దికొద్దిగా తెల్లబారుతూ జార్జియా వైపు సాగుతుంది. ఆ క్రమాన్ని గీత చెరిపేయకూడదు.

"జాతి ఒకటే కదా, ఇంత పట్టింపు దేనికి?" అని మా పొరుగున ఉండే పెద్దాయన అడిగారు. జవాబు తూర్పు టెక్సస్‌లో ఉంది. తేమ నిండిన ఆ పైన్ అడవుల్లో తొలుత రియో గ్రాండే పక్షులను వదిలి చూశారు. నిలబడలేదు. పొడి నేలకు అలవాటుపడిన ఒళ్లు అది. తర్వాత 1979 నుంచి ఇతర రాష్ట్రాల నుంచి ఈస్టర్న్ పక్షులను వేల సంఖ్యలో తెచ్చి వదలాల్సి వచ్చింది. ఉపజాతి అంటే తోక రంగు ఒక్కటే కాదు, ఆ నేలలో బతకగల నేర్పు కూడా. గూల్డ్స్‌ను చూడండి. అరిజోనాలో పోయినదాన్ని 1983లో మెక్సికో నుంచి తెచ్చి ఫోర్ట్ వాచుకాలో మళ్లీ నిలబెట్టారు. దాని పక్కకు తెలియక వేరే రకాన్ని వదిలితే ఆ కష్టమంతా ఒకటి రెండు తరాల్లో కరిగిపోతుంది.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణముంది. కాన్సాస్‌లో టర్కీలు తగ్గుతున్నాయి. 2023లో రాష్ట్రం శరదృతువు వేటను నిలిపేయాలని నిర్ణయించింది. సంఖ్య పడిపోతే ఏదో ఒక రోజు బయటి పక్షులను మళ్లీ తేవాలన్న ఆలోచన వస్తుంది. ఏ నది ఒడ్డున ఏ రక్తం ఉందో అప్పుడు ఎవరు చెప్పాలి? ఈ రోజు మనం రాసే లెక్కలే చెప్పాలి.

కాబట్టి నా విన్నపాలు మూడు. లెక్క రాసే ప్రతి పత్రంలో ఉపజాతుల పేర్ల పక్కనే మిశ్రమం, తేల్చలేదు అన్న గడులు కూడా ఉండాలి. ఏ ఏడాది, ఏ వాగు దగ్గర, ఎక్కడి పక్షులను వదిలారో చెప్పే పాత దస్త్రాలను వన్యప్రాణి శాఖలు ఒక్కచోట చేర్చి అందరి ముందూ పెట్టాలి. మూడోది మన చేతిలో పని: ఫొటో తీసేటప్పుడు విప్పిన తోకతో పాటు తోక మొదలు, రెక్క కూడా పడేలా తీయాలి. చోటు, తేదీ, వెలుగు ఎటు నుంచి పడిందో పక్కన రాయాలి. పేరు తేల్చే పని తర్వాతివాళ్లకు వదిలినా నష్టం లేదు. తప్పుడు పేరు రాస్తే మాత్రం వాళ్లకు తేల్చడానికి ఏమీ మిగలదు.