ఫ్లెక్సీ దించండి, దారి చూపండి

మంచిర్యాల చౌరస్తాల్లో ఏ నాయకుడి పుట్టినరోజు ఎప్పుడో బడిపిల్లలైనా చెబుతారు. నస్పూర్ కలెక్టరేటుకు ఎటు పోవాలో తెలియాలంటే మాత్రం ఆటో అన్నను అడగాల్సిందే. 2016 అక్టోబరులో ఈ పట్టణం జిల్లా కేంద్రమైంది. 2025లో నస్పూర్‌ను కలుపుకొని కార్పొరేషన్ అయింది. వేమనపల్లి, కోటపల్లి, జన్నారం నుంచి పని మీద వచ్చే మనిషికి ఈ రెండు హోదాల వల్ల వీధిలో కనిపిస్తున్న మార్పు ఒకటే: ఫ్లెక్సీల సైజు పెరిగింది.

కార్పొరేషన్ ముందుగా చేయాల్సింది చౌరస్తాల్లో ఫ్లెక్సీలు ఎవరివైనా సరే తీసేయడం, ఊరంతటికీ ఒకే తీరు దారి బోర్డులు పెట్టడం. స్వాగత తోరణాలు, రంగుల ఫౌంటెన్లు, కొత్త విగ్రహాలు తర్వాత చూసుకోవచ్చు. సుందరీకరణ పేరుతో ఈ వరుసను తలకిందులు చేస్తే ఒప్పుకోవద్దు.

నిజానికి మంచిర్యాల దారులు తెలుసుకోవడం కష్టమైన ఊరు కాదు. కెవిన్ లించ్ అనే అమెరికా నగర ప్రణాళికా నిపుణుడు 1960లో ఒక పుస్తకం రాశాడు. మనిషి మనసులో ఊరి పటం ఐదింటితో ఏర్పడుతుందన్నాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, దూరం నుంచే ఆనవాలు పట్టగల కట్టడాలు. ఆ ఐదూ ఇక్కడ పుష్కలం. దక్షిణాన గోదావరి. ఊరిని రెండుగా చీల్చే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం. సిమెంటు ఫ్యాక్టరీ. ఐబీ చౌరస్తా, లక్ష్మీ టాకీస్ చౌరస్తా, బెల్లంపల్లి చౌరస్తా. చివరిది తన పేరులోనే దారి చెబుతోంది! ఇంత తేటగా ఉన్న ఊరికి మనమే గుడ్డల తెరలు కట్టి గందరగోళం చేసుకున్నాం.

ఇది అందచందాల గొడవ కాదు. నిజామాబాద్ నుంచి లక్షెట్టిపేట మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణం గుండా చెన్నూర్ వైపు సాగుతుంది. చంద్రాపూర్ వెళ్లే 363 ఇక్కడ మొదలవుతుంది. గోదావరి వంతెన దాటి రాజీవ్ రహదారి వచ్చి కలుస్తుంది. పరాయి రాష్ట్రాల లారీలు, బొగ్గు టిప్పర్లు, శ్రీరాంపూర్ గనుల నుంచి రాత్రి షిఫ్టు దిగి బైకు మీద ఇంటికొచ్చే సింగరేణి కార్మికుడు, అందరూ ఒకే తారు మీద నడుస్తారు. మలుపు దగ్గర ఫ్లెక్సీ అడ్డమైతే లారీ డ్రైవరు చివరి క్షణంలో స్టీరింగు తిప్పుతాడు. పక్కన బైకు మీద ఉన్నవాడి గతి వేరే చెప్పాలా?

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్, ట్రాఫిక్ గుర్తును కప్పేసే, దానిలాగే కనిపించి తికమక పెట్టే, డ్రైవరు దృష్టి మళ్లించే ప్రకటన ఏదైనా తొలగించే అధికారాన్ని పోలీసు అధికారికి ఇవ్వొచ్చని చెబుతోంది. రహదారులపై రాకపోకలకు అడ్డొచ్చే విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి ప్రాణనష్టానికో వికలాంగతకో కారణమైతే సంబంధిత శాఖకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఉన్న అధికారాన్ని వాడే ధైర్యమే కరువైంది. ఫ్లెక్సీ మీద ఉన్న బొమ్మ ఎవరిదో చూశాక మున్సిపల్ సిబ్బంది నిచ్చెన తిరిగి బండెక్కుతుంది.

బోర్డు పెట్టడమంటే రేకు మీద రంగు పూయడం కాదు. బ్రిటన్‌లో జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరు డిజైనర్లు 1950ల చివర మోటారు రహదారుల బోర్డులకు అక్షరాలు తీర్చిదిద్దారు. వాటిని కారు మీద నిలిపి, ఎదురుగా కూర్చున్న మనుషుల వైపు నడిపిస్తూ ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో పరీక్షించారు. తెలుగుకు అలాంటి శ్రద్ధ ఇంకా ఎక్కువ కావాలి. లక్షెట్టిపేట, బెల్లంపల్లి, చెన్నూర్, మన ప్రధాన దారుల పేర్లన్నిటికీ కింద వత్తులున్నాయి. అక్షరాన్ని లావు చేసి ఇరికిస్తే వత్తు మూసుకుపోతుంది. చాలాచోట్ల తెలుగును ఇంగ్లిషు కింద మిగిలిన జాగాలో దూరుస్తున్నారు. తెలుగు పైన, పెద్దగా, వరుసల మధ్య ఊపిరాడేలా ఉండాలి. చదువురాని వారి కోసం, మహారాష్ట్ర నుంచి వచ్చేవారి కోసం ఆసుపత్రికి, బస్టాండుకు, రైల్వే స్టేషనుకు బొమ్మ గుర్తులుండాలి. బొగ్గు, సిమెంటు దుమ్ము పడే ఊరు కాబట్టి బోర్డులు కడిగే పని కూడా టెండరులోనే రాయాలి. లేకుంటే రాత్రి వెలగాల్సిన బోర్డు ఏడాదికే నల్లరేకు అవుతుంది.

నడిచేవారి సంగతి ఇంకా అన్యాయం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలంటుంది. స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, చారలు వేసి, ముందే హెచ్చరిక బోర్డుతో ఉండాలంటుంది. టేపు పట్టుకొని మార్కెట్ రోడ్డుకు రావాలని ఇంజినీర్లకు మా ఆహ్వానం.

ఫ్లెక్సీల మీద బతికే ప్రింటింగ్ దుకాణాలున్నాయి, నిజమే. అందుకే నిషేధమని చెప్పి చేతులు దులుపుకోకుండా, చౌరస్తాలకు దూరంగా కొన్ని జాగాలు కేటాయించి, రుసుము తీసుకొని, గడువు దాటగానే తీసేయాలి. అధికార పార్టీకీ అదే రుసుము. బ్రెజిల్‌లోని సావోపాలో మహానగరం 2007 నుంచి వీధి ప్రకటనల హోర్డింగులను వేల సంఖ్యలో తొలగించింది. ఆ ఊరి వ్యాపారమేమీ మూతపడలేదు.

ఇంకొకటి. 2022 జూలై వరదలో గోదావరి నీళ్లు మాతాశిశు ఆసుపత్రిలోకి, ఎన్టీఆర్ నగర్ ఇళ్లలోకి వచ్చాయి. ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత, వరద ముంచుకొస్తే ఎత్తుకు పోవాల్సిన దారిని చూపే బాణం ఆ వీధుల్లో గోడగోడకూ ఉండాలి. వీటికయ్యే ఖర్చు ఒక స్వాగత తోరణం ఖర్చు కంటే తక్కువే.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రైలు దిగి, బస్సు దిగి, ఘాట్ ఎటో తెలియని జనం వేలల్లో వస్తారు. పోలీసు, ఆర్ అండ్ బీ, జాతీయ రహదారుల అధికారులను కలెక్టరు ఒక్కచోట కూర్చోబెట్టి, కార్పొరేషన్‌తో దారి బోర్డుల ప్రణాళిక ఇప్పుడే రాయించాలి. దాన్ని జనం ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. మొదట ఐబీ చౌరస్తాలో, ఆ తర్వాత బెల్లంపల్లి చౌరస్తాలో అమలు చేయాలి. నాయకులు తమ ఫ్లెక్సీలు తామే తీయించుకుంటే మంచిది. లేదంటే నిచ్చెన వేసే సిబ్బందికి పోలీసు రక్షణ ఇవ్వండి.